మూడో గడి

బడి, మేడమీది చివరి గది
సోమవారం

అక్కకు,

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాసేస్తాను, లేకపోతే ఉత్తరం చదివావా చింపావా అని దెప్పుతావు. వేళకే తింటున్నాను. అద్దె గదిలోకి గాలి బాగానే వస్తోంది. కొత్త బడిలో ఇంకా ఎవరితోనూ గొడవ పడలేదు, ఒక్క హెడ్మాస్టరుగారితో తప్ప.

ఆ గొడవేమిటంటే, నా తరగతిలో ముప్పై ఒక్కమంది పిల్లలు. మొదటి వారం పాఠం జోలికి పోకుండా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడిగాను. ఏడు భాషలు తేలాయి. చెవులు వినపడని పిల్ల ఒకతి చేతులతో మాట్లాడుతుంది, దాన్నీ కలిపితే ఎనిమిది. పాఠం చెప్పాల్సింది మాత్రం ఒక్క ఆఫీసు భాషలోనే. రిజిస్టరులో ప్రతి పేరుకూ ఎదురుగా రెండే గడులు: 'తెలుసు', 'తెలియదు'. నేను స్కేలు పెట్టి పక్కన మూడో గడి గీసి, పైన 'నాకు అర్థం కాలేదు' అని రాశాను. నాకు అంటే నాకే, టీచరుకి. పిల్ల ఏదో చెప్పింది, నా బుర్రకెక్కలేదు అని దాని అర్థం.

సర్కారు రిజిస్టరు పాడుచేశానని హెడ్మాస్టరుగారు అరగంట చీవాట్లు పెట్టారు. అర్థం కాకపోవడం పిల్లల పని గానీ మీ పని కాదు కదమ్మా అన్నారు. నేను నోరు మూసుకుని విన్నాను (నమ్ము). నెల తిరిగేసరికి అన్నిటికన్నా ఆ గడే నిండింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. నాకు ముందు ఈ తరగతి చూసినామె ఇవన్నీ 'తెలియదు'లోనే వేసి ఉంటుంది కదా.

అసలు సంగతికి వస్తాను. చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల ఒకతి ఉంది, ఎనిమిదేళ్ళు. పుట్టేటప్పుడు ఊపిరాడక కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాయి, తల నిలవదు, మాట ముద్దగా వస్తుంది. కుర్చీ తోయడానికి పిల్లలు పోటీలు పడతారు, అందుకని 'రాణిగారు' అని పేరు పెట్టారు. దాని అక్క పదకొండేళ్ళది, పక్క తరగతి. రాణి ఏమందో అందరికీ చెప్పేది అదే కాబట్టి అది 'మంత్రి'. వాళ్ళింట్లో మన భాషే. అయినా రాణి పది మాటలంటే నాకు మూడు అందుతాయి, మంత్రికి పదీ అందుతాయి.

ఆరు వారాల్లో పరీక్షాధికారి వస్తాడట. పన్నెండు ప్రశ్నలు, ఆఫీసు భాషలో. కనీసం ఆరింటికి నోటితో సరైన జవాబు చెప్పాలి. తప్పితే 'బడికి పనికిరాదు' అని రాసి, కొండ అవతలి హోముకు పంపించేస్తారు. తెల్ల వ్యాను వస్తుందట. ఆ మాట చెప్పేటప్పుడు మా బడి ఆయా గొంతు తగ్గించింది. నాకు భయంగా ఉంది అక్కా. కానీ మంత్రి ఉంది కదా, అది పక్కన కూర్చుని చెల్లెలి మాట విడమర్చి చెబుతుంది. ఇంటివాళ్ళు చెప్పొచ్చని నిబంధన ఉంది.

నీ పిచ్చుక


ఆసుపత్రి, అనువాదకుల గది
శుక్రవారం

పిచ్చుకకు,

హెడ్మాస్టరు ముందు నువ్వు నోరు మూసుకున్నావంటే నమ్మమన్నావు. ఉత్తరంలో రాశావు కాబట్టి సరే, ఎదురుగా చెప్పి ఉంటే నీ మొహం చూసి తేల్చేదాన్ని.

ఇక్కడ ఎప్పటి పనే. నిన్న ఒక ముసలాయన కడుపునొప్పిని గంటసేపు వర్ణించాడు, మధ్యలో అల్లుణ్ణి నాలుగు తిట్లు తిట్టాడు. తిట్లతో సహా డాక్టరుకు చెప్పాను. తిట్లెందుకమ్మా అని డాక్టరు విసుక్కున్నాడు. ఏది మందుకు పనికొస్తుందో ఏరడం నా పని కాదన్నాను. నేను దగ్గును కూడా అనువాదం చేస్తానని నర్సులు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ.

నీ మూడో గడి బాగుంది. ఎవరేమన్నా చెరపకు. రాణి ఎటు చూస్తే అవునో, ఎటు చూస్తే కాదో గమనించు. మాటకన్నా ముందు చూపు కుదురుతుంది అలాంటి పిల్లలకు. తొందరపెట్టకు. నువ్వు ప్రశ్న వేశాక గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా రెండో మాట మాట్లాడకు. నీకు కష్టమే, తెలుసు.

ఒక్క సంగతి. ఆ పెద్దపిల్లను పరీక్షలో దుబాసీగా కూర్చోబెట్టకు. దాన్ని ఆ గదిలోకే రానివ్వకు.

అక్క


బడి, మేడమీది చివరి గది
బుధవారం

అక్కా,

కూర్చోబెట్టకు అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎలా? నేను నీ దగ్గర చదువుకునే పిల్లనా? ఎందుకో చెప్పు.

చూపు సంగతి నువ్వన్నట్టే అయింది. పైకి చూస్తే అవును, తలుపు వైపు చూస్తే కాదు. అట్టముక్క మీద ముప్పై బొమ్మలు అంటించి, నేను వేలితో ఒక్కోటీ చూపిస్తూ పోతే కావలసినచోట పైకి చూస్తుంది. మొదటి రోజు అది ఎంచుకున్న బొమ్మ ఏమిటో తెలుసా? తాళం. ఎందుకో అర్థం కాక మూడో గడిలో వేశాను. మూడు రోజులయ్యాక తెలిసింది, కుర్చీ చక్రానికి ఉండే బిగింపు దాని కాలికి ఒరుసుకుపోతోంది, తీసెయ్యమని. కాలు చూస్తే పుండు పడింది. ఇంత చిన్నది చెప్పుకోవడానికి మూడు రోజులు. పరీక్షాధికారి దగ్గర దానికి మూడు నిమిషాలైనా ఇస్తారా? చూపు జవాబు కిందికి రాదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది, చదివాను.

మంత్రి గడుసుది. నిన్న మధ్యాహ్నం రాణి ఏదో గొణిగితే, "చెల్లికి ఆకలేస్తోందట, రెండు బిస్కెట్లు కావాలట" అంది. ఇచ్చాను. రాణి తలుపు వైపు చూస్తూనే ఉంది. మంత్రి రెండూ తనే తినేసింది. పొట్ట పట్టుకుని నవ్వాను.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. కింద కుట్టుమిషన్ల దుకాణం, మీద ఒక్క గది. రాణి కుర్చీ రోజంతా కిటికీ దగ్గరే. వాళ్ళమ్మ నాకు మంచినీళ్ళిచ్చి నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు పక్కన చిన్న సంచి సర్ది ఉంది: రెండు గౌన్లు, తువ్వాలు, దువ్వెన. ఎక్కడికైనా వెళ్తున్నారా అని అడిగాను. వ్యాను వచ్చినప్పుడు వెతుక్కోవడానికి టైమివ్వరని ఎవరో చెప్పారట, అందుకని ముందే సర్దిపెట్టుకుందట.

పోయిన వారం పక్క బడికి ఆ వ్యాను వచ్చింది. వెళ్ళేటప్పుడు మా గేటు ముందు నుంచే పోయింది. మా రెండు తరగతుల పిల్లలూ కిటికీల దగ్గరికి పరిగెత్తారు, అది మలుపు తిరిగేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

పిల్ల సొంత టీచరు దుబాసీగా పనికిరాదట. ఇంటివాళ్ళైనా కావాలి (వాళ్ళమ్మకు ఆఫీసు భాష రాదు), సర్కారు ముద్ర ఉన్న అనువాదకులైనా కావాలి. నీకు ముద్ర ఉంది. మన భాష ఉంది. మంత్రి వద్దంటే నువ్వే రా అక్కా.

పిచ్చుక


ఆసుపత్రి
శనివారం

నీ ఉత్తరం అందింది.

నేను రాలేను. సెలవులు లేవు, మోకాలు కూడా బాగా లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రికి, కోర్టుకు వెళ్తున్నాను గానీ పరీక్షలకు ఎప్పుడూ వెళ్ళలేదు, వెళ్ళను. ఇక్కడి ఆఫీసులో అడిగితే వేరే ఎవరినైనా పంపుతారు. చిరునామా వెనక రాశాను.

బిస్కెట్ల సంగతికి నువ్వు నవ్వడం నాకు నచ్చలేదు.

అక్క


బడి
మంగళవారం

అక్కా,

ఆ చిరునామాకు రాశాను. మన భాష తెలిసినవాళ్ళలో ముద్ర ఉన్నది ఒక్కరేనట. నీ పేరే పంపించారు.

మోకాలు నొప్పి అని సాకు చెప్పావు. పోయిన నెలేగా ఆసుపత్రి మెట్లు మూడంతస్తులు ఎక్కి దిగుతున్నానని గొప్పలు పోయావు. నీకు రావడం ఇష్టం లేదని చెబితే బాధపడి ఊరుకునేదాన్ని. అబద్ధం ఎందుకు? నువ్వు నాతో అబద్ధం చెప్పడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. లేక నేను కనిపెట్టడం మొదటిసారా?

మంత్రి వారం నుంచి సరిగా తినడం లేదు. ఆఫీసు భాష పుస్తకం చంకలో పెట్టుకుని తిరుగుతోంది, మాటలు బట్టీ పడుతోంది. నిన్న ఆటల వేళ నా దగ్గరికి వచ్చి, "టీచర్, నేను ఒక మాట తప్పు చెబితే చెల్లిని తీసుకుపోతారా?" అని అడిగింది. నేను లేదు అనలేదు. అవునూ అనలేదు. అది నా మొహంలో జవాబు చదువుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాకు ఒకటి తోచింది. మన నడిపక్క. అదీ ఇలాగే కుర్చీలో ఉండేదని అమ్మ చెప్పేది. దూరంగా ఏదో వైద్యం బడిలో పెట్టారని, అక్కడ జ్వరంతో పోయిందని నాకు తెలుసు. ఒక్కసారి అమ్మ, నాకు పదేళ్ళప్పుడు, 'ఆ పరీక్ష' అని ఏదో అనబోయింది. నువ్వు గిన్నె కింద పడేశావు. నాకు బాగా గుర్తు. అది జారి పడలేదు.

ఏం జరిగింది అక్కా?


ఆసుపత్రి, అనువాదకుల గది
ఆదివారం, ఎవరూ లేరు

పిచ్చుకా,

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడక్కపోతే చెప్పేదాన్ని కాదు, ఆ సంగతి కూడా తెలుసుకో.

నడిపిదానికి పరీక్ష జరిగింది. దానికి తొమ్మిదేళ్ళు, నాకు పన్నెండు, నువ్వు మూడేళ్ళదానివి. ఆ ఊరు వచ్చి ఏడు నెలలైంది. నాన్నకు మిల్లులో సెలవు దొరకలేదు. అమ్మకు ఆఫీసు భాష ఒక్క ముక్క రాదు. నేను బడికి పోతున్నాను కాబట్టి ఇంటి మొత్తానికీ నేనే దుబాసీని. ఇంటి ఓనరు మాట, డాక్టరు మాట, అన్నీ నా నోటి మీదుగానే పోయేవి. పెద్దది ఎంత చురుకో అని అందరూ మెచ్చుకునేవారు. నిజానికి నాకు వచ్చినవి బడి మాటలే. పుస్తకం, పలక, లే, కూర్చో. మిగిలినదంతా వచ్చినట్టు నెట్టుకొచ్చేదాన్ని.

ఆ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. అమ్మ నిన్ను ఒళ్ళో పెట్టుకుని గోడవార కూర్చుంది. అధికారి బొమ్మలు చూపించి ఇదేమిటి, ఇది దేనికి అని అడుగుతున్నాడు. నేను నడిపిదానికి మన భాషలో చెబుతాను, అది జవాబు చెబుతుంది, నేను ఆయనకు చెబుతాను. కుక్క, గడియారం, తలుపు. మూడూ అయ్యాయి. నాలుగోది జల్లెడ. నడిపిది చూసి నవ్వింది. అమ్మ జల్లిస్తుంటే చూడటం దానికి ఇష్టం. "జల్లెడ" అంది. ఎంత ముద్దగా అన్నా నాకు తేటగా వినిపించింది.

ఆఫీసు భాషలో జల్లెడను ఏమంటారో నాకు తెలీదు. ఆయన కలం పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. నాకు మాట రాదని చెప్పుకోవడానికి సిగ్గేసింది పిచ్చుకా. అంతే. ఇంకే కారణమూ లేదు.

"దానికి తెలీదట" అన్నాను.

ఒకసారి అన్నాక రెండోసారి కష్టం కాలేదు. నాకు మాట తెలిసినచోట జవాబు చెప్పాను, తెలియనిచోట దానికి తెలీదన్నాను. ఆరోసారి అన్నప్పుడు అది తల తిప్పి నా వైపు చూసింది. దాని తల దాని మాట వినదు కదా, నా దాకా తిప్పడానికి చాలాసేపు పట్టింది. ఎందుకు చూస్తోందో నాకు అప్పుడు తెలియలేదు. పన్నెండింటికి ఆరు రావాలి. దానికి ఐదు వచ్చాయి.

తొమ్మిదో రోజున వ్యాను వచ్చింది. నెలకోసారి చూడనిచ్చేవారు. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి ఆయా నన్ను పట్టుకుని, మీ చెల్లి వచ్చిన రోజు నుంచే మా మాటలన్నీ అర్థం చేసుకుంటోంది, మీ భాష వేరు కదా, ఎక్కడ నేర్చుకుంది అని అడిగింది. మన వీధివైపు కిటికీ నీకు గుర్తుండదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాన్ని అక్కడే కూర్చోబెట్టేవాళ్ళం. వీధి మాటలన్నీ అది వింటూనే ఉంది. దానికి ఆ భాష వస్తుందని ఎవరికీ తోచలేదు, ఎవరూ అడగలేదు. అంటే ఆ గదిలో నేను 'దానికి తెలీదట' అన్నప్పుడల్లా దానికి అర్థమైంది.

రెండో ఏడు చలికాలంలో జ్వరం తగిలింది. అది మాత్రం నీకు చెప్పింది నిజమే.

నాన్న పోయేదాకా ఆ అధికారిని తిట్టేవాడు. నేను పక్కనే ఉండి వినేదాన్ని. అమ్మకూ చెప్పలేదు. ముప్పై ఏడేళ్ళయింది. దగ్గును కూడా వదలకుండా అనువాదం చేస్తానని ఇక్కడివాళ్ళు నవ్వుతారని రాశానే, ఎందుకో ఇప్పుడు నీకు తెలిసింది. నేను పరీక్ష గదిలోకి రాలేను. మంత్రిని మాత్రం వెళ్ళనివ్వకు. ఒక తప్పు మాటకు అది నాలాగే జీవితాంతం కూలి చేస్తుంది.

ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా నేనేమీ అనుకోను.

అక్క


బడి, మేడమీది చివరి గది
గురువారం

అక్కా,

మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను. నీ మీద కోపం వచ్చింది, దాచడం దేనికి. నడిపక్క మొహం గుర్తుచేసుకుందామని చూశాను, నాకు ఏమీ లేదు, ఒక్క కుర్చీ చక్రం తప్ప. తర్వాత మా బడిలో పన్నెండేళ్ళ పిల్లల్ని చూశాను. ఎంత చిన్నగా ఉంటారో అక్కా. వాళ్ళలో ఒకతి నిన్న చెప్పు తెగిందని ఏడ్చింది. అంత పిల్ల నెత్తిన అంత బరువు పెట్టినవాళ్ళు పెద్దవాళ్ళు. నువ్వు తప్పు చేయలేదని నేను అనను, అంటే నువ్వు నమ్మవు. కానీ ఆ బరువు నీది ఒక్కదానిదే కాదు.

నీ ఉత్తరంలో కిటికీ దగ్గర ఆగిపోయాను. లేచి రాణి దగ్గరికి పోయాను. దానితో ఎప్పుడూ మన భాషలోనే మాట్లాడాను, ఎందుకంటే ఇంటి భాష అదే అని రిజిస్టరులో రాసుకున్నది నేనే. ఎనిమిది భాషలు లెక్కపెట్టి గొప్పగా పొంగిపోయాను గానీ ఒక్కో పిల్లకు ఒక్కో భాషే రాశాను. ఆఫీసు భాషలో అడిగాను, "కింద దుకాణంలో రేడియో మోగుతుందా?" అని. వెంటనే పైకి చూసింది. ఆ రోజు బిస్కెట్లు ఎవరు తిన్నారని అడిగాను. ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది.

దానికి ప్రశ్న ఎవరూ అనువదించనక్కర్లేదు. అన్నీ అర్థమవుతాయి. దాని నోట్లోంచి వచ్చేది ఆ బల్ల అవతలికి చేర్చేవాళ్ళు కావాలి, అంతే. హెడ్మాస్టరుగారికి చూపించాను. ఆయనే ఆఫీసు భాషలో ఒక ప్రశ్న అడిగి చూశారు. తర్వాత, అయినా నోటి జవాబే కావాలి కదమ్మా అన్నారు, ఈసారి మెల్లగా.

పరీక్ష వచ్చే గురువారం. నువ్వు రాకపోతే మంత్రే కూర్చోవాలి, ఇంకో దారి లేదు. నిన్ను బెదిరించడం లేదు. ఉన్నది రాస్తున్నాను.

పిచ్చుక


ఆసుపత్రి
శనివారం

సోమవారం మధ్యాహ్నం బస్సుకు వస్తాను. మూడు రోజులు ముందే ఎందుకంటే, మనిషి మాట వినకుండా ఆమెకు గొంతుగా కూర్చోలేను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాణి పక్కన నాకు కుర్చీ వెయ్యి. పరీక్ష వేళకు మంత్రి ఆటస్థలంలో ఉండాలి, ఆ గది కనబడేచోట కూడా ఉండకూడదు.

టికెట్టు కొన్నాను.

అక్క


బడి, మేడమీది చివరి గది
శుక్రవారం

అక్కా,

బస్సెక్కుతూ "తొమ్మిదో ప్రశ్న తర్వాత నాకేమీ గుర్తులేదు, నేనేం చెప్పాను?" అని అడిగావు. అప్పటికే కండక్టరు విజిలు వేశాడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఏమీ వదలకుండా, నీ పద్ధతిలో.

అధికారి చెడ్డవాడేమీ కాదు, ఆ రోజు అతనికి అది నాలుగో బడి. ప్రశ్న అడగడం, వాచీ చూడటం. నువ్వు ముందే చెప్పావు, "ప్రశ్న ఆమెనే అడగండి, నన్ను కాదు" అని. అతను మొదటి రెండు ప్రశ్నలూ నీ వైపు చూసే అడిగాడు. నువ్వు తల వంచుకుని కూర్చున్నావు. మూడోదానికి రాణి వైపు తిరిగాడు.

రాణి చెప్పడం, నువ్వు చెప్పడం. ఎనిమిదింటిలో ఐదు సరిపోయాయి, మూడు నిజంగానే దానికి తెలియవు, తెలియదని అదే చెప్పింది. అక్కడికి సరిగ్గా ఐదు. తొమ్మిదోది గంట బొమ్మ, ఇది దేనికి అని. రాణి పొడుగ్గా ఏదో అంది. నువ్వు మళ్ళీ చెప్పమన్నావు. చెప్పింది. మూడోసారి అడిగావు. అప్పటికి దాని మెడ వాలిపోతోంది. అతను కలం 'తెలియదు' గడి మీద పెట్టాడు. "తెలియదంటోందా?" అని నిన్ను అడిగాడు.

నువ్వు ఆ కలాన్నే చూస్తూ ఉండిపోయావు. ఎక్కడికి వెళ్ళిపోయావో నాకు తెలుసు. అప్పుడు నువ్వు అన్నావు:

"ఆమె జవాబు చెప్పింది. నాకు అర్థం కాలేదు. అలాగే రాయండి."

ఆ గడి లేదన్నాడు. "గీయండి" అన్నావు. నేను నా స్కేలు బల్ల మీద పెట్టాను. అతను నిన్నూ స్కేలునూ చూసి, గీయలేదు గానీ పక్క ఖాళీలో నువ్వు చెప్పినట్టే రాసి, నీ చేత ముద్ర వేయించాడు. తర్వాతి మూడు ప్రశ్నలకు రాణి ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, నీ కోసం ఒక్కో మాటా విరిచి పెడుతున్నట్టుంది. మూడూ సరిపోయాయి. ఎనిమిది అక్కా.

ఉత్తర్వు ఇవాళ వచ్చింది. ఏడాదిపాటు ఇదే బడిలో ఉండవచ్చు, మళ్ళీ పరీక్ష. వాళ్ళమ్మ కాగితం పట్టుకుని నాలుగుసార్లు చదివించుకుంది. సంచి విప్పారా అని అడిగితే, ఏడాదేగా అంది.

గంట సంగతి మంత్రిని అడిగాను. అది రాణి దగ్గరికి పోయి విని వచ్చి, కాసేపు తటపటాయించి చెప్పింది. రాణి అన్నది ఇదట: "గంట కొడితే అక్క వెళ్ళిపోతుంది." గంట కొట్టగానే మంత్రి దాన్ని వదిలి తన తరగతికి పోవాలి కదా.

పిచ్చుక


ఆసుపత్రి, అనువాదకుల గది
ఆదివారం

పిచ్చుకకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గంట దగ్గర ఆగి కిటికీ తెరుచుకుని నిలబడ్డాను. వచ్చే ఏడు పరీక్షకు కూడా నేనే వస్తానని ఆఫీసుకు ఇప్పుడే రాసిచ్చాను. నాకు ఆ గదంటే ఇప్పటికీ భయమే, అది పోతుందని అనుకోవడం లేదు. ఈలోగా నువ్వు మంత్రి చేత ఆ పుస్తకం పక్కన పెట్టించి ఆడుకోనివ్వు. బిస్కెట్లు మాత్రం రాణిని అడిగే ఇవ్వు.

నీకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. నడిపిదాని పరీక్ష కాగితం నకలు నా దగ్గరుంది. నాన్న పెట్టెలో దొరికింది. పద్దెనిమిదేళ్ళుగా మడత విప్పలేదు. మీ ఊరి నుంచి వచ్చిన సాయంత్రమే విప్పాను. పన్నెండు వరుసలు, రెండు గడులు. 'తెలుసు'లో ఐదు టిక్కులు, 'తెలియదు'లో ఏడు. చివర అమ్మ వేలిముద్ర.

బల్ల మీద పెట్టి, పెన్సిలు తీసుకుని, నీలాగే స్కేలు పెట్టి పక్కన ఇంకో గడి గీశాను. ఏడింటినీ ఒక్కొక్కటిగా అందులోకి మార్చడం మొదలుపెట్టాను. ప్రతిదాని పక్కన అది ఆ రోజు చెప్పిన మాట రాశాను. జల్లెడ. గరాటు. పట్టకారు. గొళ్ళెం. నిచ్చెన. సాలెగూడు. ఆరు మాటలూ అది అన్నట్టే నా చెవిలో ఉన్నాయి, ఒక్క అక్షరం పోలేదు. దాని ఆరు జవాబులూ సరైనవే. వాటిలో ఒక్కటి చెప్పి ఉన్నా చాలు.

ఏడోది దగ్గర చెయ్యి ఆగిపోయింది. నా వైపు తల తిప్పిందని రాశాను కదా, ఆ తర్వాతి ప్రశ్న అది. అధికారి బొమ్మ చూపించాడు. నడిపిది బొమ్మ చూడలేదు. నన్నే చూస్తూ ఏదో అంది, ఆయనకు కాదు, నాకు. బొమ్మ పేరు కాదు, అంతకన్నా పొడుగు మాట. అది పూర్తి చేయకముందే నేను 'తెలీదట' అనేశాను.

మూడు రోజులుగా గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. ఆ మాట నా దగ్గర లేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నువ్వూ నేనూ. నువ్వు అమ్మ ఒళ్ళో నిద్రపోతున్నావు.

అందుకని ఆ వరుసలో నీ గడి మీది 'నాకు అర్థం కాలేదు' కూడా రాయలేకపోయాను, అది నిజం కాదు కాబట్టి. 'నేను వినలేదు' అని రాసి, కింద నా ముద్ర వేశాను.

అక్క